ఉత్పత్తి పేజీలో రాత, రూపం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్పత్తి పేజీ తయారుచేసేచోట రాసేవారు ఒక మూల, డిజైన్ చేసేవారు ఇంకో మూల కూర్చుంటారు. ఆ ఇద్దరూ, వారి మధ్య నలిగే యజమానులూ పదేపదే అడుగుతున్న సందేహాలను ఒకచోట చేర్చాం. మీ పని ఏ దశలో ఉంటే ఆ భాగం తెరిచి చదువుకోవచ్చు.

## పని మొదలుపెట్టక ముందు

ముందు ఏది రావాలి, రాతా డిజైనా?

రెండింటికన్నా ముందు కొనేవారి ప్రశ్నల జాబితా రావాలి. ఉదాహరణకు మీరు వీపుసంచి అమ్ముతున్నారనుకోండి. కొనేవారి మనసులో ఉండేవి ఇవి: నా లాప్‌టాప్ పడుతుందా? వానలో తడుస్తుందా? నా ఒంటికి మరీ పెద్దదిగా ఉంటుందా? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?

ఇప్పుడు ఒక్కో ప్రశ్న పక్కన దానికి ఎవరు జవాబు చెప్పాలో రాసుకోండి. లాప్‌టాప్ సంగతి ఒక కొలతతో తేలిపోతుంది. ఒంటికి సరిపోతుందా అన్నది ఫోటోయే చెప్పాలి. సంచి తగిలించుకున్న మనిషి ఎత్తు ఎంతో కింద ఒక ముక్క రాస్తే చాలు. వాన విషయం మాత్రం మాటలకే వదిలేయాలి. సంచి మీద నీటిబొట్లు ముత్యాల్లా మెరిసే ఫోటో పెడితే కుండపోతకూ తడవదని చూసేవారు అనుకుంటారు. ‘జల్లుకు తట్టుకుంటుంది, జోరువానలో పైన తొడుగు వేసుకోవాలి’ అన్న వాక్యం నిజం చెబుతుంది. వెనక్కి తీసుకునే షరతు బటన్ దగ్గర ఒక్క వరుసలో ఉండాలి.

ఈ పంపకం తేలాక రాసేవారూ డిజైనరూ ఒకేరోజు పని మొదలుపెట్టవచ్చు. తేలకపోతే ఒకే సంగతిని ఇద్దరూ చెబుతారు, అసలు సంగతి ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతుంది.

డిజైన్ చూపించడానికి లోరెం ఇప్సమ్ వాడితే తప్పేమిటి?

అది క్రీ.పూ. 45లో సిసిరో రాసిన లాటిన్ తత్వగ్రంథంలోని వాక్యాలను తెగ్గొట్టి, కలగాపులగం చేసిన, డిజైన్‌లో చోటు నింపడానికి వాడే పాఠం. చదవడానికి వీలు కాకపోవడమే దాని ప్రయోజనం: చూసేవారి దృష్టి అర్థం మీదికి పోకుండా అక్షరాల పొందిక మీద నిలుస్తుంది. ఫాంటు నమూనా చూపడానికి బాగుంటుంది. ఉత్పత్తి పేజీకి మాత్రం అది నేల విడిచి సాము. ప్రతి పెట్టెలోనూ కొలిచి పోసినట్టు మూడు వరుసలు కనిపిస్తాయి. అసలు సరుకు పేరు వచ్చేసరికి రెండో వరుసకు దిగుతుంది, సమీక్షల పెట్టె ఖాళీగా మిగులుతుంది.

చిత్తుప్రతి అయినా సరే, అసలు మాటలే వాడండి. మీ జాబితాలో అన్నిటికన్నా పొడవైన పేరు, అన్నిటికన్నా పొట్టి పేరు, ఒక్క ఫోటో మాత్రమే ఉన్న సరుకు, ఒక్క సమీక్షా లేని సరుకు: ఈ నాలుగింటినీ లేఔట్ తట్టుకుంటే మిగతావి ఎలాగూ సర్దుకుంటాయి.

అన్ని ఉత్పత్తులకూ ఒకే టెంప్లేట్ సరిపోతుందా?

అస్థిపంజరం ఒకటే ఉండవచ్చు, బరువు ఎక్కడ పడాలన్నది మారుతుంది. చార్జింగ్ కేబుల్ కొనేవారికి అది ఏ పరికరానికి పనికొస్తుందన్న పట్టిక పైనే కావాలి. ఆ కేబుల్‌ను ఎనిమిది కోణాల్లో చూడాలన్న కోరిక ఎవరికీ ఉండదు. సోఫా విషయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు లోపలి తెర ఎలా ఉంటుందో చూపాలి. నవ్వుతున్న మనుషుల ఫోటో ఎంత పెద్దదైనా దానివల్ల తెలిసేది ఏమీ లేదు.

టెంప్లేట్‌లోని ప్రతి భాగాన్నీ అవసరం లేకపోతే తీసేయగలిగేలా కట్టండి. సమాచారం లేని భాగం దానంతటదే మాయమైపోవాలి. ‘వివరాలు త్వరలో’ అని ఖాళీ పెట్టె చూపించడం కన్నా అసలు చూపించకపోవడమే మర్యాద.

రాసినది ఫైలుగా పంపిస్తే డిజైనర్ అతికించుకుంటారు కదా, అది చాలదా?

చాలదు. ఫైలులో వాక్యానికి హద్దు కనిపించదు, తెర మీద కనిపిస్తుంది. రాసేవారు డిజైన్ ఫైలులోకే వెళ్లి తమ మాటలు తామే మార్చుకోగలగాలి. తన శీర్షిక మూడు వరుసలకు దిగడం కళ్లారా చూసిన మనిషి దాన్ని ఎవరూ చెప్పకుండానే కుదిస్తారు.

## రాసేటప్పుడు, అమర్చేటప్పుడు

పేజీ తెరవగానే కనిపించే భాగంలో ఏమేం ఉండాలి?

అది ఏ వస్తువో చెప్పే పేరు, దాన్ని రుజువు చేసే ఫోటో, ధర, ఎంచుకోవలసినవి, బటన్. ఇవి ఉన్నాక ఇంకా చోటు మిగిలితే మీ నినాదం పెట్టుకోండి.

పేరు దగ్గరే చాలా పేజీలు తడబడతాయి. ‘300 ప్రో’ అన్నది మీ గోదాములో వాళ్లకు అర్థమయ్యే పేరు. ‘లీటరున్నర పట్టే స్టీలు ఎలక్ట్రిక్ కెటిల్’ అంటే అందరికీ తెలుస్తుంది. మోడల్ సంఖ్యను దాని కింద చిన్నగా ఉంచండి. పేరు చెప్పినదాన్ని ఫోటో బలపరచాలి. లీటరున్నర అని రాసినప్పుడు నీటి గీతలున్న వైపు చూపించాలి. పొగలు కక్కే కప్పును ముందు పెట్టి కెటిల్‌ను వెనకాల మసగ్గా ఉంచిన ఫోటో అందంగానే ఉంటుంది, కప్పులు అమ్మేవారికి అది బాగా పనికొస్తుంది.

వాటంతటవే జరిగిపోయే స్లైడ్లు ఈ భాగంలో వద్దు. సగం చదివిన వాక్యాన్ని లాక్కుపోతే చదివేవారికి చిరాకు తప్ప ఇంకేమీ మిగలదు.

జనం ఎలాగూ చదవరు కదా, ఇంత రాయడం ఎందుకు?

ఈ మాటకు మూలం 1997లో వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ వెల్లడించిన పరిశీలన. అందులో పాల్గొన్నవారిలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు, పదం పదం చదివినవారు 16 శాతమే. అందరూ ఇక్కడివరకే చెబుతారు. అదే పరిశీలనలో ఒకే సమాచారాన్ని రకరకాలుగా రాసి చూశారు. పాఠాన్ని కుదించి, చూపు ఆనేలా శీర్షికలూ జాబితాలూ పెట్టి, సొంత డబ్బా తీసేసి రాసిన పేజీ వాడుకలో 124 శాతం మెరుగ్గా తేలింది. అంటే జనం చదవడానికి సిద్ధంగానే ఉన్నారు, ఎక్కడ చదవాలో వెతుక్కుంటున్నారు.

2006లో ఆయన సంస్థ 232 మంది కంటిచూపు కదలికలను నమోదు చేసింది. చూపులు ఎక్కువగా ఇంగ్లీషు ఎఫ్ ఆకారంలో సాగాయి: పైన ఒక అడ్డగీత, కొంచెం కిందికి ఇంకో పొట్టి అడ్డగీత, ఆ తర్వాత ఎడమ అంచు వెంబడి కిందికి. దీన్ని చూసి ‘పేజీని ఎఫ్ ఆకారంలో డిజైన్ చేయండి’ అని సలహా ఇచ్చేవారున్నారు. అది తలకిందుల సలహా. చూపు ఆగడానికి శీర్షిక గానీ, బొమ్మ గానీ, జాబితా గానీ లేని గోడలాంటి పాఠం ఎదురైనప్పుడే కళ్లు అలా జారతాయి.

కాబట్టి శీర్షికలో మొదటి రెండు మూడు పదాలే సంగతి చెప్పేయాలి. ‘మా ప్రత్యేకతలు’ అన్న శీర్షిక కింద ఏముందో ఎవరికీ తెలియదు. ‘ఒక్క చార్జింగ్‌తో 10 గంటలు’ అని పెడితే కింది పేరా చదవకపోయినా పని జరిగిపోతుంది. ఇక నిడివి అంటారా, దానికి సూత్రమేమీ లేదు. రోజూ ఎనిమిది గంటలు కూర్చోవలసిన కుర్చీ కొనేవారు చివరి అక్షరం దాకా చదువుతారు. పెన్సిల్ కొనేవారు చదవరు. ఊకదంపుడు మాత్రం ఇద్దరూ చదవరు.

బొమ్మే అంతా చెబుతున్నప్పుడు పక్కన మాటలెందుకు?

ఆకారం, రంగు, పెట్టెలో ఏమేం వస్తాయి అన్నవి బొమ్మ ఇట్టే చెబుతుంది. బరువు, చప్పుడు, మన్నిక, మినహాయింపులు చెప్పలేదు. బొమ్మ కింది వ్యాఖ్య ఆ కొరత తీర్చాలి. నీలం రంగు సంచి ఫోటో కింద ‘నీలం రంగు సంచి’ అని రాయడం చోటు దండగ. ‘అడుగున ఉన్న అర విడిగా తెరుచుకుంటుంది, తడిబట్టలు అందులో వేసుకోవచ్చు’ అని రాస్తే చూపు వెంటనే ఫోటోలో ఆ జిప్పు దగ్గరికి వెళుతుంది. మాట చూపును నడిపించాలి, బొమ్మ మాటను రుజువు చేయాలి.

అన్నిటికన్నా ప్రమాదం రెండూ పరస్పరం విరుద్ధంగా చెప్పడం. ఫోటోలో కెమెరా స్టాండు మీద నిలబడి ఉంటుంది, స్టాండు విడిగా కొనాలన్న మాట పేజీ అడుగున నక్షత్రపు గుర్తు పక్కన దాక్కుంటుంది. కొన్నవారు నమ్మేది ఫోటోనే. ‘స్టాండు విడిగా కొనాలి’ అన్న ముక్క ఆ ఫోటో కిందే ఉండాలి; లేదా స్టాండు లేని ఫోటో తీయాలి.

ఐకాన్లు పెడితే మాటలు తగ్గుతాయి కదా?

వెతుకులాటకు భూతద్దం, కార్ట్‌కు బండి, మొదటి పేజీకి ఇల్లు: ఇలా మాట తోడు లేకుండా నిలబడగలిగేవి కొన్నే. హృదయం గుర్తు చూడండి. ఒకచోట అది నచ్చిందని, ఇంకోచోట తర్వాత చూస్తానని. అందుకే పక్కన పేరు తప్పదు. ఇక నాణ్యత, నమ్మకం, సేవ, సంతృప్తి అంటూ నాలుగు గుండ్రటి ఐకాన్లు వరసగా పేర్చే అలవాటు ఉంది. వాటిని తీసేసి చూడండి, పేజీ ఏమీ కోల్పోదు.

అక్షరాలు, రంగుల విషయంలో కచ్చితమైన కొలతలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వెబ్ కంటెంట్ అందరికీ అందుబాటులో ఉండటానికి రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు పట్టుకోండి, వాటి 2.2 సంచిక 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు పాఠానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. 24 పిక్సెళ్లకు తగ్గని పెద్ద అక్షరాలకు 3:1 చాలు. పాఠాన్ని 200 శాతానికి, అంటే రెండింతలకు పెంచినా ఏదీ తెగిపోకూడదు. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలి, లేదా చుట్టూ తగినంత ఖాళీ ఉండాలి.

తెల్లని నేపథ్యం మీద బూడిద రంగు అక్షరాలంటే డిజైనర్లకు మహా ఇష్టం. కోడ్‌లో 767676 అని రాసే బూడిద రంగుకు తెలుపు మీద 4.54:1 వస్తుంది, గట్టెక్కుతుంది. ఒక్క మెట్టు తేలికైన 777777కు 4.48:1 మాత్రమే వస్తుంది, తప్పుతుంది. కంటికి ఈ రెండింటి తేడా తెలియదు కాబట్టి కొలిచి చూసుకోవాలి తప్ప వాదించుకోకూడదు. అన్నట్టు, ఇలా వెలిసిపోయిన రంగులో కనిపించేవి చాలాసార్లు వారంటీ షరతులు, డెలివరీ ఖర్చు. చదివించాలని లేని మాటలకే ఆ రంగు ఎందుకు పడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకో సంగతి: రంగు ఒక్కటే అర్థం మోయకూడదు. అయిపోయిన సైజును ఎర్రగా చూపిస్తే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి అది ఉన్నట్టే లెక్క. అడ్డగీత గానీ, ‘లేదు’ అన్న మాట గానీ తోడుండాలి.

ఫోటో మీదే అక్షరాలు వేసి ఒకే బొమ్మగా పెట్టవచ్చా?

వద్దు. ఫోనులో బొమ్మతో పాటు అక్షరాలూ చిన్నవైపోతాయి. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు, బ్రౌజర్ అనువదించలేదు, ఒక అంకె మారినా బొమ్మ మొత్తం మళ్లీ చేయాలి. ఫోటో మీద మాటలు కనిపించాలనుకుంటే మామూలు పాఠాన్నే ఫోటో పైన పరిచి, వెనకాల ముదురు రంగు పట్టీ వేయండి. లోగోలకు ఈ పట్టింపు లేదు.

బటన్ మీద ఏం రాయాలి?

నొక్కితే ఏం జరుగుతుందో అది. ‘కార్ట్‌లో చేర్చండి’ అంటే తెలుస్తుంది. ‘కొనసాగండి’ అంటే డబ్బు పోతుందేమోనన్న సందేహం మిగులుతుంది. ప్రధానమైన బటన్ ఒక్కటే నిండు రంగులో ఉండాలి; మూడు బటన్లు ఒకే బరువుతో అరిస్తే ఏదీ వినిపించదు. సైజు ఎంచుకోనంతవరకు బటన్ పనిచేయదనుకుంటే ఆ మాట అక్కడే చెప్పాలి. చడీచప్పుడు లేకుండా పాలిపోయి కూర్చున్న బటన్‌ను చూసి పేజీ పాడైందనుకుని వెళ్లిపోతారు.

రాతా డిజైనూ కలిసి మోసానికి దిగే చోటు కూడా ఇదే. ‘అవును’ అన్నది పెద్ద బటన్, ‘వద్దు, నాకు ఆదా అక్కర్లేదు’ అన్నది సన్నటి లింకు. 2010లో డిజైన్ నిపుణుడు హారీ బ్రిగ్నల్ ఇలాంటి వాటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. కాదనేవారికీ సూటి మాట, చదవగలిగే అక్షరం ఇవ్వండి.

## ఫోను తెర, తెలుగు లిపి

కంప్యూటర్లో బాగున్న పేజీ ఫోనులో ఎందుకు గందరగోళమవుతుంది?

తెరను బట్టి పేజీ సర్దుకునే పద్ధతికి వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో ‘రెస్పాన్సివ్’ అన్న పేరు పెట్టాడు. నిలువు వరుసలు ఒకదాని కింద ఒకటి చేరతాయి. ఏది ముందు చేరాలో ఎవరూ చెప్పకపోతే కోడ్‌లో ఉన్న వరుసే తెర మీదికి వస్తుంది. కంప్యూటర్లో ఎడమ పక్క మూడు ఫోటోలు, కుడి పక్క మూడు పేరాలు ఉన్న భాగం ఫోనులో మూడు ఫోటోల తర్వాత మూడు పేరాలుగా మారిపోతుంది. ఏ పేరా ఏ ఫోటోదో చదివేవారు ఊహించుకోవాలి. ఫోటోనూ దాని పేరానూ ఒకే పెట్టెలో కట్టేస్తే విడిపోవు.

రాసేవారి వంతూ ఉంది. ‘కుడివైపు బొమ్మ చూడండి’ అని రాయకండి, ఫోనులో కుడివైపు ఏమీ ఉండదు. అయిదు నిలువు వరుసల పోలిక పట్టిక ఇస్తే డిజైనర్ ఎంత గింజుకున్నా ఇరుకు తెరలో ఇమడదు. తేడా ఉన్న అంశాలే ఉంచి, అన్నిటిలోనూ ఒకేలా ఉన్నవాటిని ఒక వాక్యంలో చెప్పేయండి. 320 పిక్సెళ్ల వెడల్పులో అడ్డంగా జరపకుండా చదవగలగాలన్నది పాఠానికి ప్రమాణం.

ఇంగ్లీషులో చక్కగా ఉన్న డిజైన్ తెలుగు పెట్టగానే ఎందుకు చెదిరిపోతుంది?

ఇంగ్లీషుకు కొలిచి కుట్టిన చొక్కా మన లిపికి తొడుగుతున్నారు, అందుకు. మనకు పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి వాటితో తెచ్చిన తేడా మాయమవుతుంది. ఆ పని పరిమాణంతోనో మందంతోనో చేయాలి. మందం కావాలంటే ఫాంట్‌లో అది నిజంగా ఉండాలి. నోటో సాన్స్ తెలుగు వంటి వాటిలో రకరకాల మందాలున్నాయి. ఒకే మందంతో వచ్చే ఫాంటును బోల్డ్ చేయమంటే బ్రౌజర్ దాన్ని ఉబ్బించి చూపుతుంది, అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. వాలు అక్షరాలదీ ఇదే కథ.

గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. వరుసల మధ్య దూరం ఇంగ్లీషు లెక్కన ఉంచితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఎత్తు బిగించిన బటన్‌లో ‘రాష్ట్రం’ అన్న మాట అడుగు తెగుతుంది. ఎత్తును పాఠానికే వదిలేసి, పైనా కిందా ఖాళీ ఇవ్వండి. అక్షరాల మధ్య దూరం పెంచే అలంకారం తెలుగులో వద్దు.

ఇన్ని అక్షరాల తర్వాత మూడు చుక్కలు పెట్టి తెగ్గొట్టే కోడ్ మరీ అన్యాయం చేస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మూడు దగ్గర తెగితే ‘స్త’ మిగులుతుంది. సంఖ్యతో కోయడం మానేసి, వరుసల లెక్కన ఆపమనండి. పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించడం మరవకండి. స్క్రీన్ రీడర్ సరైన గొంతు ఎంచుకోవడానికి అదే ఆధారం.

## బయటికి వదలబోయే ముందు

ఆల్ట్ పాఠం (బొమ్మ చూడలేనివారికి దాని బదులు వినిపించే వివరణ) ఎవరు రాయాలి?

రాసేవారే, ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో డిజైనర్‌ను అడిగి. బొమ్మ కనిపించనివారికి ఏ సంగతి అందకుండా పోతుందో అది రాయాలి: ‘సంచి లోపలి అరలో లాప్‌టాప్, పక్కన నీళ్ల సీసా’. ‘ఫోటో’ అని మొదలుపెట్టనక్కర్లేదు, స్క్రీన్ రీడర్ ఆ మాట తానే చెబుతుంది. ఉత్త అలంకారమైతే ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి, పూర్తిగా తీసేయకండి. తీసేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు చదువుతాయి.

బొమ్మలు ఎక్కువైతే పేజీ నెమ్మదిస్తుందంటున్నారు. ఎన్ని ఉంచాలి?

ఒక్కో బొమ్మ ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఒకే సంగతి చెప్పే రెండింటిలో ఒకటి తీసేయండి. వేగం విషయంలో గూగుల్ పెట్టిన గీటురాళ్లు ఉన్నాయి: తెర మీది అతిపెద్ద అంశం 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలి, లేఔట్ కుదుపు స్కోరు 0.1 దాటకూడదు.

కుదుపు అన్నది రాతకు నేరుగా తగిలే దెబ్బ. వాక్యం మధ్యలో ఉండగా పైన బొమ్మ దిగి, చదువుతున్న వరుస కిందికి జారిపోతుంది. బొమ్మ వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాస్తే బ్రౌజర్ ఆ చోటు ఖాళీగా అట్టేపెడుతుంది. కింది బొమ్మలను ఆలస్యంగా దించుకోవచ్చు. మొదటి ఫోటోకు మాత్రం ఆ ఆలస్యం పెట్టకండి.

డిజైనర్ ‘స్థలం లేదు’ అంటే వాక్యం తీసేయాలా?

ఆ వాక్యం ఏ ప్రశ్నకు జవాబో రాసినవారు చెప్పగలగాలి. చెప్పలేకపోతే తీసేయండి. చెప్పగలిగితే స్థలం పుట్టాలి. నొక్కితే తెరుచుకునే మడతల్లో దాచడం మధ్యేమార్గం, కానీ ఏం దాస్తున్నామో చూసుకోవాలి. ఉతికే పద్ధతి, పూర్తి కొలతల పట్టిక మడతలో ఉన్నా ఫరవాలేదు. చెల్లించే మొత్తాన్ని మార్చే షరతు ఏదీ మడతలోకి పోకూడదు.

## వదిలాక

పేజీ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

అమ్మకాల అంకె ఒక్కటే చూస్తే తెలియదు, అది ధర వల్లా మారుతుంది, పండగ వల్లా మారుతుంది. వెనక్కి పంపినవారు చెప్పిన కారణాలు చదవండి. ‘అనుకున్నంత పెద్దగా లేదు’ అన్నది వరుసగా వస్తుంటే కొలతలు రాసే ఉన్నా ఫోటో వాటిని ఓడిస్తోందని అర్థం; పక్కన ఒక చెయ్యి ఉన్న ఫోటో చేర్చండి. కొనేముందు ఫోన్ చేసి ఒకే సంగతి అడుగుతున్నారంటే ఆ జవాబు పేజీలో లేదు, లేదా వెతికిన చోట లేదు.

పేజీ చూడని మనిషికి అయిదు సెకన్లు చూపించి, మూసేసి, ఏం అమ్ముతున్నారో అడగండి. ఖర్చులేని పరీక్ష, నిర్దయగా నిజం చెబుతుంది. రెండు రూపాలు పోల్చేటప్పుడు మాటనూ బొమ్మనూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనిదో తేలదని అంటారు. నిజమే. అయినా ఒకదానికి ఒకటి జోడీగా రాసుకున్న శీర్షిక, ఫోటో అయితే వాటిని విడదీయకుండా జంటగానే పరీక్షించండి.

సరుకు అయిపోతే పేజీ తీసేయాలా?

మళ్లీ వచ్చేదైతే ఉంచండి. ధర దగ్గరే ‘ప్రస్తుతం లేదు’ అని చెప్పి, బటన్‌ను ‘వచ్చాక తెలియజేయండి’గా మార్చండి.

ఒకసారి పూర్తయిన పేజీని మళ్లీ ఎప్పుడు ముట్టుకోవాలి?

వస్తువు మారిన రోజు. తయారీదారు పట్టీ కట్టు మారుస్తాడు, పెట్టెలోంచి చార్జర్ తీసేస్తాడు. రాసేవారు ఆ వాక్యం దిద్దుతారు, ఫోటోలో మాత్రం పాత చార్జర్ దర్జాగా మిగిలిపోతుంది. ఏ ఫోటోలో ఏయే భాగాలు కనిపిస్తున్నాయో ఒక పట్టిక ఉంచుకుంటే, వాక్యం మారినప్పుడు తీసేయవలసిన ఫోటోలు వెంటనే దొరుకుతాయి. ఆ పట్టికలో ఆల్ట్ పాఠానికీ ఒక గడి ఉంచండి, అందరూ మరిచిపోయేది దాన్నే.